మాట అర్థంకాని తరగతిలో మొదటి ఏడాది

వేల్పూర్ అనగానే చాలామందికి పసుపు గుర్తొస్తుంది. బడుల చరిత్ర తెలిసినవాళ్లకు 2001 కూడా గుర్తొస్తుంది. ఆ ఏడాది జూన్‌లో, అప్పటి నిజామాబాద్ కలెక్టర్ జి. అశోక్ కుమార్ ఆధ్వర్యంలో, 5 నుంచి 15 ఏళ్ల పిల్లలందరినీ పని మాన్పించి బడికి పంపే కార్యక్రమం ఈ మండలంలో మొదలైంది. మొదట్లో ఊళ్లవాళ్లు కస్సుమన్నారు. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న ఆరోపణ కూడా వచ్చింది. నాలుగు నెలలు తిరిగేసరికి గాలి మారింది. పిల్లల్ని పనికి పెట్టుకున్న యజమానులు, ఆ తల్లిదండ్రులు తమకు బాకీ ఉన్న అసలూ వడ్డీ కలిపి దాదాపు 35 లక్షల రూపాయలను అందరి ముందూ వదులుకున్నారు. అక్టోబర్ 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. మా ఊళ్లో పిల్లలంతా బడిలోనే ఉంటారని సర్పంచులు సర్కారుతో ఒప్పందం రాసుకున్నారు.

అప్పుడు ఆరేళ్ల వయసులో బడి గడప తొక్కిన పిల్ల ఇవాళ ముప్పై ఏళ్ల తల్లి. తన పిల్లవాణ్ని బడికి పంపాలా వద్దా అన్న ఆలోచనే ఆమెకు రాదు. ఆమె బెంగ వేరు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ప్రైవేటు బడుల్లోనైతే నర్సరీ నుంచే అది. ఇంట్లో చూస్తే తెలుగు తప్ప మరో మాట వినపడదు. "నాకే ఇంగ్లీష్ రాదు, పిలగానికి నేనేం జెప్పాలె?" అంటుంది ఆమె.

సరిగ్గా ఇదే బెంగతో కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో మన తెలుగు తల్లిదండ్రులు కొందరు తలపట్టుకుని కూర్చుంటున్నారంటే వేల్పూర్‌లో నవ్వుతారేమో. వాళ్లింట్లో తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉంటాయి. పిల్లవాణ్ని చేర్పించేది మాత్రం స్పానిష్ ఇమ్మర్షన్ బడిలో. అక్కడ కిండర్‌గార్టెన్ మొదటి రోజు నుంచీ టీచరు నోట స్పానిష్ తప్ప రాదు. తల్లికీ రాదు, తండ్రికీ రాదు. డబ్బున్నా చదువున్నా ఆ తల్లి అడిగేదీ అదే: నేనేం నేర్పించి పంపాలి?

ఆ బడుల కథ తెలుసుకుంటే జవాబు సగం దొరుకుతుంది. 1965లో కెనడాలో, మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో, ఇంగ్లీష్ మాట్లాడే తల్లిదండ్రులు కొందరు పట్టుబట్టి తమ పిల్లల కోసం ఫ్రెంచ్ కిండర్‌గార్టెన్ పెట్టించుకున్నారు. టీచరు ఫ్రెంచ్‌లోనే మాట్లాడేది. పిల్లలు మొదట్లో ఇంగ్లీష్‌లో జవాబు చెప్పినా తప్పు పట్టేది కాదు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ లాంబర్ట్, రిచర్డ్ టకర్ ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. ఫ్రెంచ్ బాగా వచ్చింది, చివరికి ఇంగ్లీష్ కూడా దెబ్బతినలేదు. ఆ నమూనా చూసే 1971లో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో స్పానిష్ ఇమ్మర్షన్ తరగతి మొదలైంది.

ఈ కథను మన దగ్గర సగమే చెబుతారు. 'చిన్నప్పుడే ఇంగ్లీష్‌లో పడేస్తే అదే వస్తుంది' అనేవాళ్లకు అది బాగా పనికొస్తుంది మరి. సెయింట్ లాంబర్ట్ పిల్లల ఇంటి భాషకు ఎవరూ వంక పెట్టలేదు. వాళ్ల ఇంగ్లీష్‌కు ఇంట్లోనూ వీధిలోనూ లోటు లేదు. తరగతిలో అందరూ ఫ్రెంచ్ రానివాళ్లే కాబట్టి ఎవరి ముందూ ఎవరికీ చిన్నతనం లేదు. టీచరుకు పిల్లల భాష తెలుసు. ఇవన్నీ కుదిరాక వచ్చిన ఫలితం అది.

కుదరకపోతే ఏమవుతుందో తెలియాలంటే మాంట్రియల్ దాకా పోనక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా తండాల్లో లంబాడీ పిల్లలు తరాలుగా ఇలాంటి బడికే పోతున్నారు. ఇంట్లో గోర్ బోలీ, బడిలో తెలుగు. వాళ్ల బడికి ఇమ్మర్షన్ అని ఎవరూ పేరు పెట్టలేదు, వాళ్లకు వచ్చిన రెండో భాషను ఎవరూ మెచ్చుకోలేదు. పైగా ఇంటి మాట నోటికొస్తే నవ్వేవాళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు వేసింది ఆ లోటు కనిపించాకే.

కాబట్టి వేల్పూర్ తల్లికి నేను చెప్పేది ఒకటే. బడికి ముందు ఇంట్లో పెంచాల్సింది పిల్లవాడి తెలుగును. దాంతోపాటు, అర్థం కానప్పుడు బెదిరిపోని గుణాన్ని.

రెండోదాని సంగతి ముందు చూద్దాం. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ధైర్యం అంటే వేదికెక్కి మాట్లాడటమే అన్నట్టు రాస్తాయి. నాలుగేళ్ల పిల్లవాడికి కావాల్సిన ధైర్యం వేరు. చుట్టూ ముప్పై మంది పిల్లలు, ఎదురుగా కొత్త టీచరమ్మ, ఆమె మాటల్లో చాలావరకు అర్థం కావు. అప్పుడు ఏడుపు లంకించుకోకుండా, ఆమె చెయ్యి ఎటు చూపిస్తోందో గమనించి, పక్క పిల్ల ఏ పుస్తకం తీస్తే ఆ పుస్తకం తీసి, అప్పటికీ తెలియకపోతే వెళ్లి అడగగలగాలి. ఇది ఏ పాటా, ఏ పద్యమూ అప్పజెప్పించినా రాదు. ఇంట్లో తెలియనితనానికి ఏం జరుగుతుందో చూసి నేర్చుకుంటాడు.

మన ఇళ్లల్లో ఏం జరుగుతుంది? చుట్టాలొస్తారు. "ఏదిరా, మామకు రైమ్ చెప్పు" అంటాడు తండ్రి. వాడు తల్లి కొంగు చాటుకు పోతాడు. "నిన్న మంచిగ చెప్పినవ్ గదా, సిగ్గెందుకు? చెప్పు!" మామకు అసలు రైమ్ వినాలని లేదు పాపం, టీ తాగిపోదామని వచ్చాడు. వాడు రెండు లైన్లు చెప్పి మూడోది మరిచిపోతే అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. అయినా వాడి బుర్రలో ఒకటి పడిపోతుంది: ఇంగ్లీష్ అంటే తప్పులు దొరికే చోటు. అలాంటివాడు రేపు బడిలో నోరు తెరవకుండా కూర్చుంటే ఆశ్చర్యమేముంది?

ఇదే తండ్రి బ్యాంకులో పిల్లవాణ్ని పక్కన పెట్టుకుని "ఈ కాగితం నాకు సమజ్ గాలే సార్, జర చెప్పుండ్రి" అని తొణక్కుండా అడిగితే, వాడికి ఇంకో పాఠం వెళ్తుంది. తెలియకపోవడం మామూలే, అడిగితే చెబుతారు, అడిగినందుకు నాన్న తల దించుకోలేదు. అలాంటిది నాలుగుసార్లు కళ్లారా చూసిన పిల్లవాడు టీచరమ్మ దగ్గరికి వెళ్లి చెయ్యి లాగి అడుగుతాడు.

ఇక తెలుగు సంగతి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ చుట్టుపక్కల కల్లాల నిండా ఉడకబెట్టిన పసుపు ఆరుతూ ఉంటుంది. నాయినమ్మ వెంట పోయిన పిల్ల ఊరికే ఉండదు.

"నాయినమ్మా, ఇదెందుకు మెత్తగున్నది?"

"ఇంక ఎండలే బిడ్డా. ఎండితే ఇరిస్తె టప్పుమంటది."

"గా కుప్పలది?"

"నువ్వే ఇరిచి చూడరాదు!"

విరిస్తే రెండోది టప్పుమంటుంది. "గిది మొన్నటిది, అందుకే ఎండింది" అంటుంది పిల్ల. ఈ చిన్న మాటలో ఎంత చదువుందో చూడండి. రెండిటిని పోల్చింది, కారణం ఊహించింది, పరీక్షించింది, తేలినదాన్ని మాటల్లో పెట్టింది. రేపు సైన్స్ పుస్తకం అడిగేది ఇదే. కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చింది కూడా ఇదే: ఒక భాషలో గట్టిపడిన ఆలోచన, రెండో భాష తగినంత వినపడుతుంటే, అందులోకీ వెళ్తుంది, దాన్ని మళ్లీ మొదటినుంచి నేర్పనక్కర్లేదు. కారణం చెప్పడం తెలిసిన పిల్లకు ఇంగ్లీష్‌లో కావాల్సింది 'బికాజ్' అన్న మాట ఒక్కటే. కారణం చెప్పడమే తెలియని పిల్లకు ఆ మాట నేర్పినా దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు.

అందుకే తల్లి తనకొచ్చిన ముక్కలు ముక్కల ఇంగ్లీష్‌లో "కమ్, సిట్, ఈట్ రైస్" అంటూ మాట్లాడటం నాకు నచ్చదు. ఆ తల్లి తెలుగులో పిల్లకు కథ చెప్పగలదు, పిల్లతో వాదించగలదు, వేళాకోళం ఆడగలదు. ఇంగ్లీష్‌లో మూడు ఆజ్ఞలు మాత్రమే ఇవ్వగలదు. మంచి భాష పక్కన పెట్టి మూడు ఆజ్ఞలతో పిల్లను పెంచడం ఎందుకు?

ఫోన్ చేతికిస్తే ఇంగ్లీష్ బొమ్మలు చూసి నేర్చుకుంటారనే ఆశ కూడా ఉంది చాలామందికి. పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో అమెరికాలో తొమ్మిది నెలల పసివాళ్లకు చైనా భాష వినిపించి చూసింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనులు పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలో వినిపిస్తే పట్టుకోలేదు. బడికొచ్చే వయసు పిల్లలకు తెర మీంచి కొన్ని మాటలు వస్తాయి, నిజమే. కానీ తెర తిరిగి అడగదు, వీడు చెప్పేది వినదు.

ఇంగ్లీష్‌లో ముందుగా నేర్పి పంపాల్సినవి కొన్నే: నీళ్లు కావాలి, కడుపు నొస్తోంది, నాకు అర్థం కాలేదు, ఒంటికి పోవాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఇంట్లో 'ఒంటికి' అనే పిల్లవాడికి బడిలో 'టాయిలెట్' అనాలని తెలియక, నిక్కరు తడుపుకుని, ఆ అవమానంతో వారం రోజులు బడికి రానని మొండికేసిన సందర్భాలు ఎన్నో. చొక్కా గుండీలు, చెప్పుల పట్టీ, డబ్బా మూత ఎవరి సాయం లేకుండా తీసుకోవడం, సర్కారు బడైతే పళ్లెం పట్టుకుని వరసలో నిలబడటం ఏప్రిల్, మే నెలల్లోనే అలవాటు కావాలి. జూన్ 12న బడులు తెరిచే రోజుల్లోనే ఇక్కడ పసుపు నాటే పని ముంచుకొస్తుంది. తల్లికి అప్పుడు ఊపిరాడదు.

ఇంకో మాట. తల్లిని వదిలి ఉండటం, తెలియని భాష వినడం, రెండు కొత్తలనూ ఒకే రోజు పిల్లవాడి నెత్తిన పెట్టకూడదు. మూడేళ్లకే బస్సెక్కించి నర్సరీకి పంపేవాళ్లు అంగన్‌వాడీని గుడ్లు, బాలామృతం ఇచ్చే చోటుగానే చూస్తారు. అక్కడ ఓ ఏడాది తెలుగులో ఆడి పాడి, అమ్మ పొద్దున వదిలిపోతే మధ్యాహ్నం తప్పకుండా వస్తుందన్న నమ్మకం కుదిరిన పిల్లకు, ఆ తర్వాత భాష ఒక్కటే కొత్త. ఊళ్లో అంగన్‌వాడీ బాగా నడుస్తుంటే నా ఓటు దానికే.

బడిలో చేరాక చాలామంది పిల్లలు నెలల తరబడి మాట్లాడరు. ఇమ్మర్షన్ బడుల్లో టీచర్లు దీనికి అలవాటు పడి ఉంటారు. మన దగ్గర తండ్రి దుబాయ్ నుంచి ఫోన్ చేసి "ఇంగ్లీష్‌ల ఏదన్న మాట్లాడు బిడ్డా, ఇన్ని ఫీజులు కడుతున్న" అంటాడు. ఆయన్నొకటి అడగాలి: అక్కడి క్యాంపులో హిందీ మీకు ఎన్నాళ్లకు వచ్చింది? మొదటి నెలల్లో ఫోర్‌మన్ చెప్పింది చూసి చెయ్యడమే గదా, నోరు తర్వాత గదా తిరిగింది? కమిన్స్ లెక్క ప్రకారం మామూలు మాటలు రావడానికి రెండేళ్ల దాకా, పాఠం చదివి రాసే భాష తోటివాళ్లతో సమానంగా రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఎల్‌కేజీ పిల్లకు డిసెంబర్‌లో పరీక్ష పెట్టడం అన్యాయం. 'ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నవ్, డబ్బాల ఏం మిగిలింది, టీచరమ్మ ఎందుకు నవ్వింది' అని తెలుగులో అడిగితే బోలెడు చెబుతుంది.

ఒకటో తరగతికి వచ్చాక సర్కారు బడి పిల్ల తల్లికి ఒక సాధనం దొరుకుతుంది. పాఠం ఒక పేజీలో ఇంగ్లీష్‌లో ఉంటే ఎదురు పేజీలో తెలుగులో ఉంటుంది. 2001లో బడికొచ్చిన తల్లికి తెలుగు చదవడం వచ్చు. రేపటి పాఠాన్ని ఈ సాయంత్రం తెలుగు పేజీలో చదివి వినిపించి, బొమ్మ చూపించి, 'మన పొలంల ఇట్లున్నదా?' అని మాట్లాడితే చాలు. తెల్లారి టీచరమ్మ ఇంగ్లీష్‌లో చెప్పేది పిల్లకు ముందే తెలిసిన కథ అవుతుంది. ఇంగ్లీష్ రాని తల్లి చేయగలిగిన ఇంగ్లీష్ సాయం ఇంతకంటే పెద్దది నాకు కనిపించలేదు.

మౌనం ఒక్క చోట మాత్రం మామూలు కాదు. బడిలో మాట్లాడని పిల్ల ఇంటికొచ్చి వసపిట్టలా వాగుతుంటే భయం లేదు. ఇంట్లో కూడా ఈడు పిల్లల్లా మాటలు కలపకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా దానికి ఇంగ్లీష్ మీడియం కారణం అనుకుని ఏడాది ఆగొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకూ సర్కారు బడులకూ వస్తాయి. వినికిడి, మాట ఆలస్యం కూడా చూస్తారు. ప్రైవేటు బడి పిల్ల అయితే తల్లిదండ్రులే పిల్లల డాక్టరుకు చూపించి, ముందు చెవుల పరీక్ష చేయించాలి.