చేపపేనుకు వెదురుకర్ర మందు

కైకలూరు, ముదినేపల్లి, మండవల్లి చెరువుల్లో చలి మొదలయ్యాక శీలావతి, బొచ్చెలను పీడించే పరాన్నజీవుల్లో ముఖ్యమైనది చేపపేను. ఆర్గులస్ అన్నా ఇదే. పట్టిన శీలావతిని వెలుతురుకు తిప్పి రెక్కల మొదళ్లలో వెతికితే, పల్చగా, గుండ్రంగా పొలుసులాంటిది అంటుకుని ఉంటుంది. వేలితో నెడితే పక్కకు జారుతుంది. పొలుసు అలా జారదు. అది కుట్టినచోట ఎర్రటి చుక్క మిగులుతుంది. ఆ గాయంలో బ్యాక్టీరియా చేరితే పుండు పడుతుంది. పేను పట్టిన చేప మేత తగ్గించి, కర్రలకు ఒళ్లు రాసుకుంటుంది.

ఆడ పేను గుడ్లు పెట్టేందుకు చేపను వదిలి గట్టి వస్తువును వెతుక్కుంటుంది. మేత సంచులు కట్టిన కర్రలు దానికి చక్కగా పనికొస్తాయి. పిల్ల పేలకు ఆకలి తీర్చే చేపలూ అక్కడే మూగుతాయి. అందుకే చెరువులో అక్కడక్కడ అదనంగా వెదురుకర్రలు పాతి, వారానికోసారి తీసి ఎండలో బాగా ఎండనివ్వాలి. మేత కర్రలనూ వంతులవారీగా ఎండబెట్టాలి. గుడ్లు ఎండితే చస్తాయి. మందుకు పెద్ద పేలు చచ్చినా గుడ్లు మిగులుతాయి, రెండు మూడు వారాల్లో మళ్లీ పేలు కనిపిస్తాయి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటివి రొయ్యకూ విషమే, ఎందుకంటే పేనూ రొయ్యా ఒకే కోవ జీవులు. మందు చల్లిన నీటిని పక్కవాళ్ల రొయ్యల చెరువు వైపు వదలడం తప్పు. మోతాదు మత్స్యశాఖ అధికారిని అడిగే నిర్ణయించాలి.

మొప్పల్లో జిగురు, పాలిపోవడం కనిపిస్తే కారణం కంటితో చూసి తేల్చలేం. అక్కడ సూక్ష్మదర్శినే కావాలి. మొప్ప పురుగులు, ట్రైకోడినా అయితే 100 లీటర్ల నీటికి 2 కిలోల ఉప్పు కలిపి చేపపిల్లలను ఒకటి రెండు నిమిషాలు ముంచవచ్చు. చేప ఒరిగితే వెంటనే తీయాలి. తెల్లటి గింజల్లా బొడిపెలు కట్టే మిక్సోబోలస్‌కు నమ్మదగిన మందు లేదు. చేపల సాంద్రత తగ్గించడమే మేలు.

కాలువల్లోని అడవి చేపలకూ పరాన్నజీవుల బెడద ఉంటుంది. కొర్రమీను కండలో పసుపు గుళికల్లా కనిపించే పురుగు కొంగ నుంచి నత్తకు, నత్త నుంచి చేపకు చేరుతుంది. నత్తలను ఏరితే ఆ గొలుసు తెగుతుంది. కాలువ నీరు పెట్టే తూముకు సన్నకన్ను వల కట్టాలి. ఒక చెరువులో లాగిన వలను ఎండబెట్టకుండా మరో చెరువులోకి దించకూడదు.