ఉన్నదాన్నే మళ్లీ చేసి చూడండి

"అది ఇప్పటికే ఉందిగా, మళ్లీ నువ్వు చేయడమెందుకు?" ఏదైనా నేర్చుకుందామని కూర్చుంటే ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. జవాబు వెతుక్కుంటూ కూర్చోకండి, పని మొదలుపెట్టండి.

హాషికార్ప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ సహ వ్యవస్థాపకుడు మిచెల్ హషిమోటోకు పేరుకీ డబ్బుకీ లోటు లేదు. ఆయన తీరిక వేళల్లో పట్టుకున్నది టెర్మినల్ ఎమ్యులేటర్‌ని, అంటే కమాండ్లు టైప్ చేసే ఆ నల్ల విండోని. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 పరికరాన్ని ఇలాంటి ప్రోగ్రాములు ఇప్పటికీ అనుకరిస్తూనే ఉన్నాయి. ఉచితంగా దొరికేవే బోలెడు. అయినా జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికీ, గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ ఒంటబట్టించుకోవడానికీ ఆయన దాన్నే ఎంచుకున్నారు. అలా తయారైందే ఘోస్టీ.

మన దగ్గర తీరు వేరు. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుకి టైటిల్ కొత్తగా ఉంటే చాలు, సరుకు ప్రాజెక్టులు అమ్మే సెంటర్లో కొనుక్కొచ్చినా నడిచిపోతుంది. వైవాలో లోపలేముందని అడిగితే తెల్లమొహం! నన్నడిగితే పాత టైటిలే తీసుకుని మొదటి లైను నుంచీ సొంతంగా రాసినవాడికే ఎక్కువ మార్కులు వేస్తాను.

చేసింది చూపించడానికీ తొందరపడకండి. ఘోస్టీని చాలాకాలం పిలిచిన వాళ్లకే ఇచ్చి వాడించారు. 2024 డిసెంబర్ 26న 1.0 వెర్షన్‌ని ఎంఐటీ లైసెన్సుతో అందరికీ విడుదల చేశారు. సెట్టింగులేవీ ముట్టుకోకుండానే బాగా పనిచేయాలని పట్టుబట్టారు. ఆ పట్టుదలకే టైమంతా పోతుంది, పోనివ్వండి.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? టెర్మినల్ తెరిచి 'స్త్రీ' అని టైప్ చేయండి. మన కంటికది ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు. టెర్మినల్ తెర నిండా సమానమైన గళ్లు. అక్షరానికో గడి అనే ఆ లెక్క ఇంగ్లిష్‌కి సరిపోయింది. మరి ఈ ఆరింటికి ఎన్ని గళ్లివ్వాలి? చాలా టెర్మినళ్లు ఇక్కడే తడబడతాయి: ఒత్తు ఒకచోట, కర్సర్ ఇంకోచోట. ఘోస్టీ కోడ్ ఎవరైనా చదవొచ్చు. ఈ లెక్క అది ఎలా వేస్తోందో వెతికి పట్టుకోండి. తర్వాత ఆ ఫైలు మూసేసి, గళ్లు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం మీరే రాయండి.