ట్యూబా అమ్ముతున్న మేనల్లుడికి

మల్కాపురం,
విశాఖపట్నం.

చిరంజీవి అల్లుడికి,

మా బావ, అదే మీ నాన్న ట్యూబా అమ్మకానికి పెట్టావని, బొబ్బిలి వైపు నుంచి బ్యాండు కుర్రాడొకడు చూడ్డానికి వస్తానన్నాడని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అమ్మడం సరైన పనేరా. స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసుకుంటూ దాన్ని వాయించే తీరిక నీకెక్కడిది? మూలన పడేసిన ఇత్తడి వాద్యాన్ని ఈ ఊరి ఉప్పుగాలి బతకనివ్వదు. ఎలా అమ్మాలన్నది మాత్రం ఫోన్లో తేలే మాట కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

గాజువాకలో పాత సామాన్ల కొట్టతను కాటా వేసి కిలోల లెక్కన ధర చెప్పాడట. ఆ అంకె మనసులోంచి తీసెయ్. అది ఇత్తడికి కట్టిన ధర, ట్యూబాకి కాదు. హోటల్లో అలంకారానికి పెట్టుకుంటామని ఎవరైనా ఎక్కువ ఇవ్వజూపినా ఒప్పుకోకు. వాయించేవాడికే ఇవ్వు. ఇచ్చేముందు దాని లోపాలన్నీ అతను కనిపెట్టే దాకా ఆగకుండా నువ్వే చూపించు. ధర మాట ఆ తర్వాత. మన జిల్లాల్లో బేస్ వాయించేవాళ్లు ఎంతమంది ఉంటారు? రేపు ఏ ఊరేగింపులోనో అతను మన వాళ్ల పక్కనే నిలబడి వాయించాలి. బావ పేరు ఆ వాద్యంతో పాటే తిరుగుతుంది.

అన్నిటికన్నా ముందు శ్రుతి సంగతి చెప్పు. మనది ఇంగ్లండులో చేసిన పాత ఈ-ఫ్లాట్ ట్యూబా. అక్కడి బ్రాస్ బ్యాండ్లు 1960ల దాకా హై పిచ్ మీద వాయించేవి. 'ఏ' స్వరానికి సెకనుకు 440 కంపనాలు అని 1939లో లండన్ సమావేశంలో పలు దేశాలు అనుకున్నా, ఈ బ్యాండ్లు మాత్రం 452 పైనే ఉండిపోయాయి. తేడా సుమారు అర స్వరంలో సగం. అన్ని వాద్యాలూ అదే శ్రుతిలో ఉన్న రోజుల్లో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు ప్రతి బ్యాండు బండి మీదా కీబోర్డు ఉంటోంది. దాని పక్కన ఇది ఊదితే కింద నుంచి పాట మొత్తం చెడుతుంది.

ఫోన్లో ట్యూనర్ పెట్టి కాసేపు ఊది, గొట్టం వేడెక్కాక పిస్టన్లేవీ నొక్కకుండా ఈ-ఫ్లాట్ పలికించు. ముల్లు ఈ-ఫ్లాట్‌కీ ఈ-కీ నడుమ ఆగితే అది హై పిచ్ అన్నమాట. ఈ-ఫ్లాట్ ట్యూబా గొట్టం మొత్తం పొడవు సుమారు 13 అడుగులు. శ్రుతి 440కి దిగాలంటే ఇంకో నాలుగు అంగుళాల పైన పెరగాలి. స్లైడుకి రెండు కాళ్లుంటాయి కాబట్టి మెయిన్ స్లైడుని రెండు అంగుళాలకు కాస్త పైన బయటకు లాగితే ఆ పొడవు వస్తుంది. అంత లాగినా స్లైడు ఊగకుండా నిలుస్తోందా, పిస్టన్ల స్లైడుల్ని కూడా ఆ దామాషాలో లాగితే స్వరాలు కుదురుతున్నాయా చూడు. కుదిరితే ఎక్కడి దాకా లాగాలో చూపించు. కుదరకపోతే కీబోర్డు లేని మేళానికే పనికొస్తుందని చెప్పెయ్. ఈ ఒక్క సంగతి దాచిపెట్టి అమ్మితే మిగతావన్నీ ఎంత నిజాయితీగా చెప్పినా లాభం లేదు.

తర్వాత పిస్టన్లు. చూడ్డానికి నిగనిగలాడుతూనే లోపల అరిగిపోతాయి, కంటికి తెలియదు. రెండో పిస్టన్ నొక్కకుండా దాని స్లైడుని సగం బయటకు లాగి, నాలుగైదు సెకన్లు ఆగి, అప్పుడు పిస్టన్ నొక్కు. 'టప్' మని చప్పుడొస్తే గాలి పట్టి ఉందన్నమాట, పిస్టన్ బాగుంది. చప్పుడు రాకపోతే నువ్వు ఆగిన ఆ కాస్తలోనే సందుల్లోంచి గాలి జారిపోయిందన్నమాట. మూడు పిస్టన్లకీ అతని ముందే చేసి చూపించు. విప్పి చూస్తానంటే కాదనకు. ఒకసారికి ఒక్కటే విప్పమను, ఎక్కడిది అక్కడే బిగించమను. వాటి మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. తారుమారైతే ఊపిరి లోపలికి పోదు, వాద్యం చెడిపోయిందని అతను కంగారు పడతాడు.

మౌత్‌పీస్ దిగే గొట్టం మీద ఎర్రటి మచ్చలేమైనా ఉన్నాయేమో పగటి వెలుగులో చూడు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఉమ్మి తడి, ఉప్పుగాలి కలిసి జింకును తినేస్తే రాగి మిగిలి ఆ చోటు ఎర్రబారుతుంది. పైన కనిపించే సరికే లోపలి నుంచి చాలా వరకు తినేసి ఉంటుంది. పచ్చటి చిలుమైతే తుడిస్తే పోతుంది కానీ ఇది పోదు. మచ్చలుంటే గొట్టం మార్పించే ఖర్చు నీ ధరలో తగ్గించుకో.

కొనేవాళ్లు వస్తున్నారని మీ అమ్మ దాన్ని పూజ సామానులా చింతపండు పెట్టి తోమేస్తుందేమో, వద్దని చెప్పు. పులుపు అతుకుల సందుల్లో ఉండిపోయి కొత్తగా చిలుము పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. బెల్ అంచున ఉన్న సొట్టల్ని కూడా అలాగే వదిలెయ్, అక్కడి సొట్టలతో స్వరం చెడదు. మౌత్‌పీస్ దగ్గర సన్నటి గొట్టానికి చిన్న సొట్ట పడ్డా చెడుతుంది. సొట్టల్ని సరిచేయించాలని బిందెలకు మాట్లు వేసేవాళ్ల దగ్గరకు మాత్రం తీసుకెళ్లకు. వాళ్ల పనితనం మీద నాకు చాలా గౌరవం. బుడితి కంచరుల చేతిలో ఇత్తడి ఎంత అందంగా పలుకుతుందో చూశాను. కానీ ట్యూబా అతుకులు తక్కువ వేడికే కరిగే టంకంతో పెట్టినవి. మంట తగిలితే ఒకచోట సొట్ట పోయి, నాలుగుచోట్ల అతుకు ఊడుతుంది.

ధర ఇంతని నేను చెప్పను. మీరట్ జాలీకోఠీలో ఫోన్ చేసి కొత్త ట్యూబా ఎంతో కనుక్కో. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ ఉన్న ఊరది, మన బ్యాండ్ల సామాను చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. కొత్తదాని ధరలో పైన చెప్పిన లోపాల ఖర్చు తగ్గించు. పిస్టన్లు గట్టిగా ఉంటే పాత ఇంగ్లీషు పనితనానికి కొంత కలుపుకో. మా వీధుల్లో నేవీ బ్యాండులో చేసి రిటైరైనవాళ్లున్నారు. డిసెంబరు 4న నేవీ డేకి ఆర్కే బీచ్‌లో అలల హోరు మీద బేస్ నిలబెట్టినవాళ్లు. వాళ్లలో ఒకర్ని పిలిచి ఊదించి చూద్దాం. ఆయన చెప్పిన మాట ఇద్దరూ ఒప్పుకుంటారు.

డబ్బు మొత్తం ఒకేసారి కావాలని పట్టుబట్టకు. ఆషాఢంలో, మూఢంలో బ్యాండు కుర్రాడి చేతిలో ఏముంటుంది? డీజేలొచ్చాక ముహూర్తాల్లో కూడా బేరాలు తగ్గాయి. సగం ఇప్పుడు తీసుకో, మిగతా సగం శ్రావణం ముహూర్తాలయ్యాక. వాద్యం మాత్రం ఇప్పుడే ఇచ్చెయ్, అది చేతిలో లేకపోతే అతను సంపాదించేదెలా? కాగితం రాసుకోండి. వాద్యం మీద చెక్కిన నంబరు, కంపెనీ పేరు, ఎంతకి, ఎప్పుడు, మిగతాది ఎప్పుడు, అన్నీ అందులో ఉండాలి. బావ సొంత డబ్బుతో కొన్నదని నాకు తెలుసు, దారిలో పోలీసు ఆపితే అతనికెలా తెలుస్తుంది? పోలీసు బ్యాండువీ స్కూళ్లవీ కొన్ని దొంగతనంగా చేతులు మారుతుంటాయి. కాగితం ఉంటే ఎవరి దగ్గరా తల దించుకోనక్కర్లేదు.

ఇంకో మాట. అతను ఊదుతానంటే ఊదనివ్వు, ఎంతసేపైనా సరే. ఇరుగుపొరుగు విసుక్కుంటే నేను మాట్లాడతాను. తీసుకెళ్లేటప్పుడు మౌత్‌పీస్ విడిగా గుడ్డలో చుట్టి ఇవ్వు, పెట్టి ఉంచితే బస్సు కుదుపులకి బిగుసుకుపోతుంది. బెల్ నేలకు ఆనకుండా చూడమను.

బేరం కుదిర్చేముందు మీ అమ్మని అడుగు. సరేనని నీతో అన్నా, ఫోన్లో నాతో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయింది. కుర్రాడు వాయిస్తుంటే ఆమెను కూడా వినమను, వద్దంటే అమ్మొద్దు. సరేనంటే ఆ కుర్రాణ్ణి ఏ రోజు రమ్మన్నావో రాయి. పిస్టన్లు విప్పే వేళకి నేనొస్తాను. వాల్వ్ ఆయిల్ నా దగ్గర ఉంది, తెస్తాను.

ఇట్లు,
మీ మావయ్య