చెక్క శిల్పం నేర్చుకోవాలంటే పెడన నుంచి మొదలుపెట్టండి

బందరు నుంచి గుడివాడ వైపు రైలెక్కితే చిలకలపూడి తర్వాత పెడన వస్తుంది. అక్కడి కలంకారీ అద్దకం అనగానే అందరూ బట్టను చూస్తారు, రంగును మెచ్చుకుంటారు. ఆ అద్దకానికి ఆధారమైన టేకు అచ్చును చెక్కే మనిషి పక్కన కూర్చుని అతని చెయ్యి ఎలా కదులుతోందో చూసేవారు తక్కువ. నైరూప్య శిల్పం నేర్చుకోవాలని ఉంది, ఎక్కడికి వెళ్లమంటారు అని అడిగే విద్యార్థులకు నేను ముందుగా ఆ మనిషి దగ్గరకే వెళ్లమని చెబుతాను. నైరూప్య శిల్పంలో దేవుడి బొమ్మ, ఏనుగు బొమ్మ ఉండవు. వంపు, గుంత, అంచు, బరువు, చెక్క నార, వీటితోనే పని నడవాలి.

అచ్చు చెక్కేవారు బాగా ఆరిన టేకు ముక్కను నున్నగా చిత్రిక పట్టి, దానిమీద నమూనా దించుకుని, రంగు అంటకూడని చోటునల్లా సన్నని ఉలులతో తొలిచేస్తారు. మిగిలిన గీతే బట్ట మీద పడుతుంది. అంటే వారి చూపు ఎప్పుడూ తీసేయాల్సిన చోటు మీదే ఉంటుంది. గీతకు ఒక అచ్చు, నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు చేయాలి. ఇవన్నీ ఒకదానిపై ఒకటి కచ్చితంగా కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా తాను పొడవునా కనబడుతుంది. వినాయకుడి విగ్రహంలో చెవి కాస్త వంకరపోయినా చూసేవారు వినాయకుణ్ణే చూస్తారు, లోపాన్ని మన్నిస్తారు. ఏ రూపమూ లేని వంపులో ఉలి జారితే దాన్ని కప్పిపుచ్చే బొమ్మ ఏదీ ఉండదు. అందుకే ఈ కళకు చేతిపని తక్కువ సరిపోతుందన్న మాటను నేను ఒప్పుకోను. దీనికే ఎక్కువ కావాలి.

ప్రపంచంలో ఈ దారి తెరిచినవారిని చూసినా ఇదే కనిపిస్తుంది. రుమేనియాకు చెందిన బ్రాంకూసి క్రయోవా ఊళ్లోని వృత్తికళల పాఠశాలలో చెక్కపని నేర్చుకున్నాకే బుకారెస్ట్‌కూ పారిస్‌కూ వెళ్లాడు. ఆయన ‘అంతులేని స్తంభం’ 1918లో ఓక్ దుంగ నుంచి వచ్చింది. 1938లో టర్గు జియు పట్టణంలో లోహంతో దాదాపు 29 మీటర్ల ఎత్తున నిలబడింది. ఇంగ్లండ్ శిల్పి బార్బరా హెప్‌వర్త్ తన ఊరి సముద్రపు ఒంపును చూసి 1946లో ఎల్మ్ చెక్కను గుల్లగా తొలిచి ‘పెలగోస్’ చేసింది. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూస్తూ పెరిగిన పిల్లలకు ఒంపులు వేరే దేశం నుంచి తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. బందరుకు కళాచదువు కొత్తా కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు.

ఇక చెక్క సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మొదట్లో చేతికొచ్చిన పని పగిలిపోయి మానేసేవారు చాలామంది. పచ్చి దుంగ ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. వలయాల వెంట జరిగే కుంచింపు, నడిబొడ్డు నుంచి బెరడు వైపు జరిగేదానికి దాదాపు రెట్టింపు. అందుకే గుండ్రని దుంగను అలాగే వదిలేస్తే ఒక పక్క నడుము దాకా చీలుతుంది. దుంగ తెచ్చిన రోజే నడిబొడ్డు మీదుగా రెండుగా కోయించి, రెండు కొసలకూ మైనమో పాత పెయింటో పూసి, నీడలో గాలి ఆడేలా పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ తొందర అసలు పనికిరాదు.

మొదటి ముక్కలకు టేకు కొనకండి. వేప, నేరేడు, మామిడి, నిద్రగన్నేరు మన చుట్టూ ఉన్నవే. నిద్రగన్నేరు చేవ ముదురు గోధుమరంగులో, అంచున తెల్లచెక్కతో వస్తుంది. ఆ రెండు రంగుల హద్దునే శిల్పంలో గీతగా వాడుకోవచ్చు. తుమ్మ గట్టిది, ఉలికి పదును నేర్పుతుంది. తాటి దూలంలో నల్లని నార బయటివైపు ఇనుములా ఉండి లోపల మెత్తబడిపోతుంది. దాన్ని రెండో ఏటికి దాచుకోండి. తుఫాను వచ్చి వెళ్లాక దివిసీమలో కూలిన చెట్లు వంటచెరకుగా పోతుంటాయి. యజమానిని అడిగి, అనుమతులు చూసుకుని, మంచి ముక్కలు తీసుకోండి. కలప అడితిలో కొంటే బిల్లు తప్పక తీసుకోండి. మడ అడవుల జోలికి మాత్రం వెళ్లకండి. అది అభయారణ్యం, నేరం అవుతుంది. అంతకుమించి, ఉప్పెనకు ఎదురు నిలిచేవి ఆ చెట్లే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి దివిసీమ ఇళ్లలో ఇంకా చెబుతూనే ఉన్నారు.

పనిముట్లు మొదట కొన్ని చాలు. రెండు చదును ఉలులు, రెండు గోరు ఉలులు, కొయ్యసుత్తి, బాడిస, రంపం, ఆకురాయి, రెండు రకాల సానరాళ్లు. తొలి నెలల్లో సగం సమయం సానకే పోతుంది, పోనివ్వండి. మొద్దు ఉలిని బలంగా నెడితేనే చెయ్యి తెగుతుంది. నార వాలును చూసి చెక్కడం, ఎదురు నార వచ్చినప్పుడు దిశ మార్చుకోవడం అచ్చుల దగ్గర వస్తుంది. పెద్ద వంపును కంటితోనే సరిచూడటం మాత్రం పడవలు కట్టే వడ్రంగుల దగ్గర నేర్చుకోవాలి. ఫైబర్ పడవలు వచ్చాక గిలకలదిండిలోనైనా నాగాయలంక వైపైనా వారి పని తగ్గింది. ఆ విద్య తెలిసినవారు ఉండగానే వెళ్లి వారికి సాయం చేస్తూ నేర్చుకోవాలని నా కోరిక.

లేత్ తర్వాత రావాలి. మన పాత మాట తరిమెన. మంచం కోళ్లు, ఉయ్యాల కమ్ములు దానిమీద పట్టినవే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, అది తిరుగుతుండగానే లక్కను ఒత్తి, ఆ రాపిడి వేడికి రంగు కరిగి అంటుకునేలా చేస్తారు. ఆ కళకు సహజ రంగులతో కొత్త ఊపిరి పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. కొన్నాళ్లు అక్కడ గడిపితే ఏ పుస్తకమూ నేర్పని సంగతులు పట్టుబడతాయి.

లేత్ ఇచ్చేది గుండ్రదనం. శిల్పికి అదే చిక్కు కూడా, ఎందుకంటే దానిమీద చేసినవన్నీ గిన్నెలా, కోడులా కనిపిస్తాయి. బయటపడే దారులు ఉన్నాయి. రెండు చెక్కల మధ్య కాగితం పెట్టి జిగురుతో అతికించి, తరిమెన పట్టాక ఆ కాగితం దగ్గర ఉలితో విడదీస్తే రెండు సగాలు చేతికొస్తాయి. వాటిని తిప్పి, జరిపి మళ్లీ అతికించవచ్చు. కేంద్రాన్ని మార్చి రెండోసారి పట్టినా గుండ్రదనం విరిగిపోతుంది. ఆ తర్వాత ఉలితో మిగతా పని.

ప్రమాదాల విషయంలో మొహమాటం వద్దు. లుంగీ, చున్నీ, చేతి తొడుగు, ఉంగరం, విప్పిన జుట్టు లేత్ దగ్గరకు రాకూడదు. ముఖానికి పూర్తి కవచం, దుమ్ముకు మాస్కు ఉండాలి. పెద్ద దుంగను తక్కువ వేగంలోనే మొదలుపెట్టాలి. పగులున్న దుంగను అసలు ఎక్కించకూడదు.

చదువు విషయానికొస్తే, ఐటీఐలో పూర్వపు కార్పెంటర్ ట్రేడు ఇప్పుడు వుడ్ వర్క్ టెక్నీషియన్. ఏడాది కోర్సు. టర్నర్ ట్రేడును చూసి పొరబడకండి, అది లోహపు లేత్. అక్కడ పనిముట్టును యంత్రం పట్టుకుంటుంది, చెక్క లేత్‌లో మన చెయ్యే పట్టుకోవాలి. పదో తరగతి తర్వాత తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప విద్యాసంస్థలో నాలుగేళ్ల డిప్లొమాలు ఉన్నాయి. అందులో కొయ్య శిల్పం ఒక విభాగం. అక్కడ నేర్పేది ఆలయ శిల్పమే అయినా కొలతల పట్టు జీవితాంతం నిలుస్తుంది. ఇంటర్ తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలో ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ) చూడండి. పీజీకి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, బరోడా, శాంతినికేతన్ ఉన్నాయి. యంత్రాల పని కోసం బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ చిన్న కోర్సులు నడుపుతుంది. ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షల్లో గీత చూస్తారు. కాబట్టి రోజూ గీయండి, మట్టితో నమూనాలు చేయండి.

ఇంట్లో అమ్మానాన్నలు అడిగే ప్రశ్న ఒక్కటే: తిండి పెడుతుందా? మొదటి అయిదారేళ్లు నైరూప్య శిల్పం మాత్రమే అమ్మి బతకడం చాలా కష్టం. పక్కన అచ్చుల పనో, తరిమెన పనో, పాత తలుపులూ వీణలూ బాగుచేసే పనో ఉండాలి. విజయవాడ ఇంటీరియర్ డిజైనర్లకు స్తంభాలు, దీపపు దిమ్మెలు, గోడ ఫలకాలు కావాలి. ఆ పనే మీ చేతికి వేగం నేర్పుతుంది. ఇప్పటికే వడ్రంగమో బొమ్మల పనో చేస్తున్నవారు పీఎం విశ్వకర్మ పథకం కింద నమోదైతే పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష వరకు అప్పు దొరుకుతాయి. లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం చెన్నైలో ఉంది. దాని ప్రదర్శనలకూ ఉపకారవేతనాలకూ దరఖాస్తు చేస్తూ ఉండండి. ప్రతి శిల్పాన్నీ పక్క వెలుతురులో నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి, చెక్క పేరు, కొలత, బరువు, పూర్తిచేసిన ఏడాది రాసి పెట్టుకోండి.

అమ్మేటప్పుడు ఒక జాగ్రత్త. బందరు గాలిలో ఆరిన చెక్క హైదరాబాద్ ఏసీ గదిలోకి వెళితే మళ్లీ కుంచించుకుంటుంది. అడుగుభాగాన్ని గుల్లగా తొలిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టమని, ఏడాదికోసారి నూనెగుడ్డతో తుడవమని చీటీ రాసి కొన్నవారి చేతికివ్వండి.