పళవేర్కాడు: డచ్చి వారి కోట, అస్థిపంజర శిల్పాలు (పోటీ పరీక్షల ప్రత్యేకం)

చెన్నైకి ఉత్తరాన, తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉన్న తీర పట్టణం పళవేర్కాడు (పులికాట్). కోరమాండల్ తీరంలో ఐరోపా కంపెనీల పోరుకు ఇది ప్రత్యక్ష సాక్షి.

ముఖ్యాంశాలు
• 1610: విజయనగర చక్రవర్తి రెండో వేంకటపతి రాయలు డచ్చి వారికి ఇక్కడ వర్తక అనుమతి ఇచ్చారు.
• 1612: శాంథోమ్ నుంచి వచ్చిన పోర్చుగీసులు డచ్చి స్థావరాన్ని ధ్వంసం చేశారు.
• 1613: రక్షణ కోసం గెల్డ్రియా కోట వెలసింది. డచ్చి కోరమాండల్ పాలనకు ఇదే కేంద్రంగా ఉండేది. ఇక్కడ తుపాకి మందు కూడా తయారయ్యేది.
• 1690: డచ్చి కోరమాండల్ పాలనా కేంద్రం నాగపట్నానికి మారింది.
• 1781: నాగపట్నాన్ని ఆంగ్లేయులు గెలవడంతో పళవేర్కాడు మళ్లీ ప్రధాన కేంద్రమైంది.
• 1825: 1824 నాటి ఆంగ్ల-డచ్చి ఒప్పందం ప్రకారం పళవేర్కాడు ఆంగ్లేయుల వశమైంది.

స్మారకం
డచ్చి శ్మశాన ద్వారానికి ఇరువైపులా చెక్కిన అస్థిపంజరాలు ప్రసిద్ధం. ఇలాంటి బొమ్మలతో మరణం అనివార్యమని చెప్పడం ఐరోపా సమాధి శిల్పాల్లో ఆనవాయితీ. ఈ శ్మశానం భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

గుర్తుంచుకోండి: చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు, ఈ పట్టణం పక్కనే ఉన్న పులికాట్ సరస్సు. దీని అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. గెల్డ్రియా కోట-డచ్చి, సెయింట్ జార్జి కోట-ఆంగ్లేయులు అనే జతలను తారుమారు చేయవద్దు.