మనిషికి తగిన సైకిలు: పొట్టివారికొక పాఠము

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో పుట్టి పెరిగినవారికి సైకిలును గూర్చి కొత్తగా చెప్పవలసినది ఏమున్నదని చదువరులకు తోచవచ్చును. గోదావరిఖని బొగ్గు గనులకు పోయిన కార్మికులు, సిరిసిల్ల నేతపనివారు, పాలబిందెలు కట్టుకొని పట్టణమునకు వచ్చిన రైతులు సైకిలు మీదనే తమ బ్రతుకు బండిని లాగిరి. మోటారు వాహనములు ఎంత పెరిగినను, పల్లెనుండి బడికి వచ్చు పిల్లలకు నేటికిని సైకిలే దిక్కు. ఐనను మనలో పెక్కుమంది సైకిలు తొక్కుట నేర్చుకొందుము గాని, సైకిలును మన శరీరమునకు తగినట్లు అమర్చుకొనుట నేర్చుకొనము. ఈ వ్యాసము ఆ రెండవ విద్యను గూర్చి.

నేను ఎనిమిదవ తరగతి చదువునాడు నా ఎత్తు అయిదడుగులకు తక్కువ. సైకిలు టాక్సీలో గంట కిరాయికి దొరకునవన్నియు పెద్దవారి సైకిళ్ళే. సీటెక్కిన పెడలు అందదు. అందుచేత పైకడ్డీ క్రిందనుండి కుడికాలు అవతలకు దూర్చి, నడుము వంకర చేసి తొక్కెడివాడను. దీనినే మనవైపు కైంచీ తొక్కుట యందురు. ఉర్దూలో కైంచీ అనగా కత్తెర. మన భాషలు రెండును ఒకే బజారులో తిరిగినవనుటకు ఈ ఒక్క మాట చాలును. ఒకనాడు దిగుడు రోడ్డున కాలు బయటకు రాక సైకిలుతో సహా కంకరపై పడితిని. గడ్డము క్రింద నాలుగు కుట్లు పడినవి. ఇంటివారు నన్ను కోపించిరి. సైకిలు బాగుచేసిన మిస్త్రీ సాహెబు మాత్రము, "బిడ్డా, తప్పు నీది కాదు, కొలతది" అనెను. ఆ మాట నేటికిని మరువలేదు.

యంత్రము మనిషికా, మనిషి యంత్రమునకా?

సైకిలు చరిత్ర తిరగవేసిన ఈ ప్రశ్నయే పలుమార్లు ఎదురగును. 1870 ప్రాంతమున ఐరోపాలో ముందు చక్రము ఎత్తుగాను, వెనుక చక్రము చిన్నదిగాను ఉండు సైకిళ్ళు వాడుకలోనికి వచ్చినవి. వానికి చైను లేదు. పెడళ్ళు ముందు చక్రమునకే బిగించియుండెడివి. అందుచేత తొక్కువాని కాలి పొడవును బట్టి చక్రము కొలత నిర్ణయమయ్యెడిది. పొడుగువానికి పెద్ద చక్రము, కనుక ఎక్కువ వేగము. పొట్టివానికి చిన్న చక్రము, కనుక తక్కువ వేగము. 1885లో జాన్ కెంప్ స్టార్లీ అను ఆంగ్లేయుడు వెనుక చక్రమును చైనుతో త్రిప్పు రోవర్ సైకిలును నిర్మించెను. నాటితో కాలి పొడవునకును చక్రపు కొలతకును ఉండిన ముడి తెగిపోయినది. పళ్ళ చక్రముల నిష్పత్తి మార్చిన చాలును, పొట్టివాడును పొడుగువానితో సమానముగా పోగలడు.

తరువాత వెనుకకు వాలి, కాళ్ళు ముందుకు చాపి తొక్కు సైకిలు వచ్చినది. దీనిని రికంబెంట్ సైకిలు అందురు. ఫ్రాన్సు దేశమున షార్ల్ మోషే అను నిర్మాత చేసిన ఇట్టి సైకిలుపై ఫ్రాన్సిస్ ఫోర్ అను పందెగాడు 1933 జులై 7వ తేదీన పారిస్‌లో ఒక గంటలో 45.055 కిలోమీటర్లు పోయి, 1914 నుండి నిలిచియున్న 44.247 కిలోమీటర్ల రికార్డును దాటెను. శరీరము వాలియుండుటచే గాలి ఒత్తిడి తగ్గుటయే దీనికి ముఖ్య కారణము. అంతర్జాతీయ సైకిలు సంఘము 1934లో ఇట్టి బండ్లను సాధారణ పందెములనుండి వేరుచేసినది. ఐనను వెన్నునొప్పి గలవారికి, వృద్ధులకు, వ్యాయామ చికిత్స పొందువారికి వాలు సైకిలు ఉపయోగపడుచునే యున్నది.

మొదటి పాఠము: మామూలు సైకిలు

మన ప్రాంతమున చిరకాలముగా చెలామణిలోనున్న నల్లని సైకిళ్ళ ఫ్రేములు సాధారణముగా 22 లేక 24 అంగుళములు. చక్రములు 28 అంగుళములు. ఫ్రేము కొలత యనగా క్రాంకు ఇరుసు మధ్యనుండి సీటు గొట్టపు పైయంచు వరకు గల పొడవు.

మొదట మన కాలి లోపలి కొలత తెలిసికొనవలెను. చెప్పులు విడిచి గోడకు వీపు ఆనించి నిలువవలెను. గట్టి అట్ట గల పుస్తకమును కాళ్ళ నడుమ పైకి బిగించి పట్టి, దాని పైయంచు గోడను తాకినచోట గుర్తు పెట్టి, నేలనుండి అచటికి కొలువవలెను. ఈ కొలతను 1.09తో హెచ్చించిన, సీటు పైభాగమునుండి మిక్కిలి దూరముననున్న పెడలు వరకు ఉండవలసిన దూరము వచ్చును. ఈ సూత్రమును 1967లో హామ్లీ, థామస్ అను ఇద్దరు పరిశోధకులు ప్రకటించిరి.

ఒక ఉదాహరణ చూతము. అయిదడుగుల విద్యార్థిని కాలి కొలత 71 సెంటీమీటర్లు అనుకొందము. 71ని 1.09తో హెచ్చించిన సుమారు 77. ఇక 22 అంగుళముల ఫ్రేము పొడవు 56 సెంటీమీటర్లు. సీటును పూర్తిగా దించినను అది గొట్టముపై సుమారు 7 సెంటీమీటర్లు నిలుచును. క్రాంకు పొడవు సుమారు 17. మొత్తము 80. అనగా ఎంత దించినను ఆమెకు దాదాపు మూడు సెంటీమీటర్లు ఎక్కువే. అదే 24 అంగుళముల ఫ్రేమైనచో ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ. 20 అంగుళముల ఫ్రేమైనచో మొత్తము 75 మాత్రమే, కనుక సరిపోవును. పిల్లలు కైంచీ తొక్కుటకు కారణము అల్లరి కాదు, ఈ లెక్కయే.

చిన్న ఫ్రేము కొనుటకు డబ్బు లేనప్పుడు ఉన్నదానినే సరిచేసికొనవచ్చును. స్ప్రింగుల సీటు తీసి పలుచని సీటు వేసిన రెండు మూడు సెంటీమీటర్లు తగ్గును. పెడళ్ళపై చెక్కలు బిగించుట మన మిస్త్రీలు ఎరిగిన ఉపాయమే. కాని రెండువైపుల చెక్కల మందము సమానముగా ఉండవలెను. తాడుతో కట్టక బోల్టులతో బిగించవలెను. చెక్క కాలిని పెడలుకు చేర్చును గాని నేలకు చేర్చదు. మలుపులో బండి వాలినప్పుడు నేలకు తగులుటకును అవకాశమున్నది.

సీటును ముందుకు జరిపిన హ్యాండిలు దగ్గరగును. హ్యాండిలును దించినచో, కడ్డీ బ్రేకులు గల సైకిలులో ఆ కడ్డీలను మరల సరిచేయవలెను. దీనిని మరచిన బ్రేకు పట్టదు. తీగ బ్రేకులైనచో చిన్న చేతులకు అందునట్లు పిడిని దగ్గరకు తెచ్చుకొనవలెను.

సరిచూచుకొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. సీటుపై కూర్చుండి మడమను క్రింది పెడలుపై పెట్టిన కాలు నిటారుగా చాగవలెను. తరువాత పాదపు ముందుభాగమును పెట్టిన మోకాలు కొద్దిగా వంగియుండవలెను. సీటు మరీ ఎత్తైనచో తొక్కునప్పుడు నడుము ప్రక్కలకు ఊగును. మరీ తక్కువైనచో మోకాలి ముందుభాగమున నొప్పి పుట్టును.

పైకడ్డీ సంగతి వేరు. 22 అంగుళముల సైకిలుకు అది నేలనుండి సుమారు 32 అంగుళముల ఎత్తున ఉండును. 28 అంగుళముల కాలు గలవారు దానిపై నిలువలేరు. ఆపునప్పుడు బండిని ఒక ప్రక్కకు వాల్చి ఒక కాలు దించుట మొదటినుండి అభ్యసించవలెను. పైకడ్డీ లేని ఫ్రేము దొరికిన అదియే మేలు.

రెండవ పాఠము: వాలు సైకిలు

కొన్ని సంవత్సరముల క్రిందట మోకాలి నొప్పికై ఒక ఆసుపత్రిలో వ్యాయామ చికిత్సకు పోయితిని. అచట కదలని వాలు సైకిలుండెను. నాకు ముందు తొక్కినవాడు ఆరడుగుల మనిషి. సీటు జరుపకయే నన్ను కూర్చుండబెట్టిరి. పెడలు అందుటకై నడుమును ముందుకు జార్చి, కాలివ్రేళ్ళు చాపి తొక్కితిని. నొప్పి పోగొట్టుకొనుటకు పోయి, నడుమునొప్పిని అదనముగా తెచ్చుకొంటిని. మూడవ నాడు సీటు క్రింది పిన్ను లాగి, నాలుగు రంధ్రములు ముందుకు జరిపిన తరువాత గాని నాకు సుఖము కలుగలేదు. మిస్త్రీ సాహెబు మాట మరల జ్ఞప్తికి వచ్చినది.

మామూలు సైకిలుపై మన బరువు పెడలుపై పడును. అవసరమైన లేచి నిలువవచ్చును, ఇటునటు కదలవచ్చును. వాలు సైకిలుపై అది వీలుపడదు. వీపు సీటును వెనుకకు నెట్టగా కాలు పెడలును ముందుకు నెట్టును. అందుచేత సీటునకును పెడలునకును గల దూరము తప్పినచో తప్పించుకొను దారి లేదు.

ఇచట కొలత తీయు పద్ధతి వేరు. నేలపై కూర్చుండి, వీపును పిరుదులను గోడకు ఆనించి, కాళ్ళు చాపి, గోడనుండి అరికాలి వరకు కొలువవలెను. ఒక పొడుగువాని బండిని పొట్టివారికి అమర్చవలసినప్పుడు ఇద్దరి కొలతల తేడాయే మనము తగ్గించవలసిన దూరము. మొదటివానికి 104, రెండవవానికి 94 సెంటీమీటర్లు అయినచో తేడా 10 సెంటీమీటర్లు.

దీనిని తగ్గించుటకు మూడు మార్గములు కలవు. మొదటిది, సీటు పట్టాపై జరుగునట్టిదైన దానిని ముందుకు జరుపుట. చైను మార్చనక్కరలేదు. హ్యాండిలును మాత్రము దానికి తగినట్లు జరుపవలెను. రెండవది, క్రాంకులున్న ముందు గొట్టమును లోపలికి త్రోయుట. అప్పుడు చైను వదులగును. చైను పైవరుస, క్రిందివరుస రెండును తగ్గును కనుక గొట్టము 8 సెంటీమీటర్లు లోపలికి పోయిన చైను 16 సెంటీమీటర్లు మిగులును. చైను లింకు అర అంగుళము. లోపలి లింకును వెలుపలి లింకును జతగా తీయవలెను కనుక ఒక్కొక్క జత ఒక అంగుళము. 16 సెంటీమీటర్లనగా ఆరు అంగుళములకు కొంచెము పైన. కావున ఆరు జతలు తీయవలెను. తీసిన పిదప ముందువెనుకల పెద్ద పళ్ళ చక్రములపై చైను వేసి, మరీ బిగువు కాలేదని చూచుకొనవలెను.

మిగిలిన 2 సెంటీమీటర్లకు మూడవ మార్గము పొట్టి క్రాంకులు. 170 మిల్లీమీటర్ల క్రాంకులకు బదులు 150 వేసిన, దూరపు పెడలు 2 సెంటీమీటర్లు దగ్గరగును. దగ్గరి పెడలు అంతే దూరమగును కనుక మోకాలు ఎక్కువగా ముడుచుకొనదు. చిన్న కాళ్ళవారికి ఇది గొప్ప ఉపశమనము. ముందు చక్రమునకు మడమ తగులు బాధయు తగ్గును.

అమర్చిన తరువాత మొదటి దినము సమతలమైన ఖాళీ మైదానమున, తేలిక గేరులో మాత్రమే తొక్కవలెను. నడుము సీటుపై జారుచున్న పెడలు దూరమని, మోకాలి ముందుభాగము నొచ్చుచున్న దగ్గరని గ్రహించి, అర సెంటీమీటరు చొప్పున సవరించవలెను. రెండు చక్రముల బండియైన ఆపునప్పుడు పాదములు నేలకు అందవలెను. మూడు చక్రములదైన ఆ చింత లేదు గాని, పాదము పెడలునుండి జారి నేలను తాకిన బండి దానిమీదికి వచ్చును. కనుక పాదమునకు పట్టీ తప్పక ఉండవలెను.

ముగింపు

ఇది కేవలము పానా, బోల్టుల ముచ్చట కాదు. బీహారు ప్రభుత్వము 2006లో బాలికలకు సైకిళ్ళిచ్చు పథకమును ప్రారంభించినది. దానిని పరిశీలించి 2017లో మురళీధరన్, ప్రకాశ్ అను అర్థశాస్త్రవేత్తలు ప్రకటించిన అధ్యయనము ప్రకారము, ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగినది. 1990 దశకపు మొదట తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. ఆడవారి సైకిళ్ళు చాలకున్న మగవారి సైకిళ్ళే తొక్కిరి. కొందరు పైకడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని వానినే ఇష్టపడిరి. వారి పట్టుదల కొనియాడదగినది. కాని పట్టుదలతో పూడ్చుకొనవలసిన లోటును కొలతతోనే పూడ్చగలిగినప్పుడు, ఆ శ్రమ వారిపై ఎందుకు మోపవలెను?

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. సైకిలు స్టాండువద్ద ఒక కొలత టేపు, రెండు మూడు పానాలు, ఒక గాలి పంపు ఉంచిన ఖర్చు స్వల్పము. విద్యా సంవత్సరారంభమున ఒక దినము పట్టణపు మిస్త్రీ నొకరిని పిలిపించి, కొత్త విద్యార్థుల సైకిళ్ళను వారివారి కొలతకు అమర్పించిన, పల్లెనుండి వచ్చు ఎందరికో మేలగును. విద్యార్థినులకు కొలతలు తీయుటకు అధ్యాపికలు సాయపడవచ్చును.

విద్యార్థి మిత్రులారా! సీటు అందనప్పుడు మీ ఎత్తును నిందించుకొనకుడు. పానా చేతబట్టుడు. ఎత్తు మన చేతిలో లేదు. సీటు బోల్టు మన చేతిలోనే యున్నది.