యంత్రములతో పనిచేయు రైతులు – కంటి రక్షణ

మన పల్లెలలో చిన్న యంత్రముల వాడకము నానాటికి పెరుగుచున్నది. గొడ్డలితో రెండు రోజులు నరుకవలసిన మామిడి మ్రానును రంపపు మిషను ఒక పూటలో ముక్కలు చేయుచున్నది. గట్లమీది గడ్డిని కొడవలికి బదులు బ్రష్ కట్టరు కోయుచున్నది. పారలు, కొడవళ్ళు పదును పెట్టుటకును, ఇనుప గొట్టములు కోయుటకును గ్రైండరు పల్లెపల్లెకు వచ్చినది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలను పడగొట్టినపుడు, కూలిన చెట్లను కోసి తొలగించుటకు రంపపు మిషనులు ఎంతయో అక్కరకు వచ్చినవి.

వీనివలన కలుగు లాభము రైతులకు తెలిసినదే. యంత్రము కొనబోవునపుడు రైతు దాని బలమును, పెట్రోలు ఖర్చును, విడిభాగములు దొరకు తావును విచారించును. కాని దానితో పనిచేయు మనిషి కన్నులకు ఏమి రక్షణ అని విచారించువారు తక్కువ. చేతికి గాయమైనచో కొన్నాళ్ళకు మానును. కన్ను పోయినచో తిరిగి రాదు. కావున ఈ విషయమును ప్రతి రైతు కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

కనురెప్ప ఎందుకు చాలదు?

కన్నుకు ప్రకృతి ఇచ్చిన కాపు కనురెప్ప. ఏదైన వస్తువు మీదికి వచ్చునపుడు మనము తలపకయే అది మూసికొనును. దుమ్ము, గాలి, పురుగు మొదలగువానికి ఈ కాపు చాలును. కాని యంత్రము విసరు వస్తువునకు చాలదు. ఎందువలననో లెక్క చూచినచో తెలియును.

రెప్ప మూతపడుటకు సుమారు సెకనులో పదవ వంతు కాలము పట్టును. బ్రష్ కట్టరునకు బిగించు 10 అంగుళముల బిళ్ళ నిమిషమునకు 7,000 సార్లు తిరుగుచున్నదనుకొనుడు. అప్పుడు దాని అంచు సెకనుకు 90 మీటర్లకు పైగా, అనగా గంటకు సుమారు 330 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఆ అంచునకు తగిలిన గులకరాయికి ఇందులో సగము వేగమే వచ్చినదనుకొన్నను, అది రెప్ప మూతపడు లోపల నాలుగు మీటర్లకు మించి పోగలదు. పనివాని కన్ను బిళ్ళకు ఒకటిన్నర మీటరు దూరములోనే యుండును. రాయి కంటికి తగిలిన తరువాతనే రెప్ప మూతపడును.

నాలుగు అంగుళముల గ్రైండరు బిళ్ళ నిమిషమునకు 11,000 సార్లు తిరిగినచో, దాని అంచు వేగము సెకనుకు 58 మీటర్ల వరకు ఉండును. ఇక్కడ ముఖము బిళ్ళకు మూరెడు దూరములో వంగి యుండును. రంపపు మిషను గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తును. ఇది కొంత తక్కువయే అయినను, తల ఎత్తి పై కొమ్మను కోయునపుడు పెచ్చులన్నియు కంటి మీదికే రాలును.

“నేను జాగ్రత్తగా చూచుచునే పనిచేయుదును” అని కొందరందురు. తేరిపార చూచువాని కన్నులే ఎక్కువ తెరచియుండును. ఈ అపాయమునకు జాగ్రత్త ఒక్కటే మందు కాదు. కంటికిని యంత్రమునకును మధ్య అడ్డు ఉండవలెను.

ఏ యంత్రము వలన ఏ అపాయము?

రంపపు మిషను: పదునుగల గొలుసు పెచ్చులను, మొద్దుబారిన గొలుసు సన్నని పొడిని విసరును. మ్రానులో దిగియున్న పాత కంచె మేకులు, తీగలు గొలుసుకు తగిలి ఎగిరిపడును. ఇవిగాక, ఒత్తిడిలో వంగియున్న కొమ్మను కోయగానే అది కొరడావలె ముఖమును కొట్టును. తుపానులో పడిన చెట్లలో ఇట్టి కొమ్మలు ఎక్కువ. మ్రాను చీల్చుటకు ఇనుప చీలను సుత్తితో కొట్టునపుడు, చీల తల చితికి యున్నచో అందుండి ఉక్కు రవ్వలు లేచును. అట్టి చీల తలను అరగదీసి సరిచేయక వాడరాదు.

బ్రష్ కట్టరు: రాళ్ళు, గాజు పెంకులు, తీగ ముక్కలు దీనివలన ఎగురును. ఇది పనివానికేగాక చుట్టుపట్ల ఉన్నవారికిని అపాయకరము. పని జరుగుచున్నపుడు 15 మీటర్ల లోపల మరొకరు, ముఖ్యముగా పిల్లలు, ఉండరాదు. కోయుటకు ముందు గట్టును ఒకసారి నడచి చూచి రాళ్ళు, సీసాలు ఏరివేయవలెను.

గ్రైండరు: ఎర్రగా కాలిన ఇనుప రవ్వ నల్లగుడ్డుపై నాటుకొని, ఒక్క రోజులోనే దాని చుట్టు తుప్పు వలయము ఏర్పడవచ్చును. బిళ్ళయే పగిలినచో అపాయము మరింత తీవ్రము. బిళ్ళకు ఉండు ఇనుప కప్పును తీసివేసి పనిచేయుట పల్లెలలో తరచు చూచు తప్పు. ఆ కప్పును ఎన్నడును తీయరాదు.

నూర్పిడి యంత్రము, చొప్ప కోయు యంత్రము: ఇవి రాళ్ళు విసరకపోవచ్చును. కాని వరి ఊక, ముల్లు, చొప్ప ముక్కలు కంటిలో పడునపుడు కలుగు అపాయము చాలమంది తెలియక ఉపేక్షించునది. కంటి నల్లగుడ్డుపై ఉండు పారదర్శకమైన పొర మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. వరి ఊక దానిని గీచినచో, ఆ గీత గుండ ఊకపై ఉండు బూజు లోనికి ప్రవేశించును. దక్షిణ భారతదేశములో ఇట్లు పుండు కలిగించు బూజులలో ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ అనునవి ముఖ్యమైనవి. మొదట కొద్ది మంట తప్ప మరేమియు ఉండదు. కొన్ని దినములకు కన్ను ఎర్రబడి, నీరు కారి, నల్లగుడ్డుపై తెల్లని మచ్చ కన్పించును. బూజు వలన పడిన పుండు నెమ్మదిగా మానును. మానిన తరువాతను పువ్వు మిగిలి చూపు పోవచ్చును. అప్పుడు మరణించినవారు దానము చేసిన కంటి పొరను అతికించుట తప్ప చూపు తెప్పించు మార్గము అనేకులకు ఉండదు.

ఎటువంటి అద్దములు కావలెను?

చూపు కొరకు పెట్టుకొను కళ్ళజోడు గాని, ఎండకు పెట్టుకొను చలువ అద్దములు గాని రక్షణ అద్దములు కావు. వాని ప్రక్కలు తెరచి యుండును. గాజు అద్దమైనచో దెబ్బకు పగిలి ఆ ముక్కలే కంటిలో గ్రుచ్చుకొనును. రక్షణ అద్దములు పాలీకార్బొనేటు అను గట్టి ప్లాస్టిక్కుతో చేసినవై యుండవలెను. ఇవి దెబ్బకు సులభముగా పగులవు.

కొనునపుడు చట్రముపైనగాని అద్దముపైనగాని ప్రమాణ సంఖ్య ఉన్నదేమో చూడవలెను. మన దేశపు ప్రమాణము ఐ.ఎస్. 5983. ఐరోపా పద్ధతిలో చేసినవానిపై ఇ.ఎన్. 166 అని ఉండును. ఈ రెండవదానిలో ‘ఎఫ్’ గుర్తు గల అద్దమును సెకనుకు 45 మీటర్ల వేగముతో వచ్చు చిన్న ఉక్కు గుండుతోను, ‘బి’ గుర్తు గలదానిని 120 మీటర్ల వేగముతో వచ్చు గుండుతోను పరీక్షింతురు. పైన చెప్పిన బిళ్ళల వేగములతో ఈ అంకెలను పోల్చి చూచినచో ఏది కొనవలెనో రైతులకే బోధపడును.

గ్రైండరు, బ్రష్ కట్టరు పనికి కంటి చుట్టు మూసికొని, పట్టీతో తలకు బిగియు గాగుల్స్ మంచివి. వీనిపై ముఖమునంతను కప్పు తెర కూడ ఉన్నచో మరింత మేలు. కాని తెర ఒక్కటే చాలదు. దాని క్రిందినుండి రవ్వలు లోనికి రాగలవు. రంపపు మిషనుతో వచ్చు టోపీకి సన్నని వలగల ముసుగు ఉండును. అది కొమ్మలను, పెద్ద పెచ్చులను ఆపునుగాని సన్నని పొడిని ఆపదు. కనుక వల క్రింద కూడ అద్దములు పెట్టుకొనవలెను. నూర్పిడి వద్ద యంత్రమునకు పనలు అందించువారును, ధాన్యము ఎత్తువారును, స్త్రీలైనను పురుషులైనను, అందరును పెట్టుకొనవలెను. చూపు కళ్ళజోడు గలవారు దానిపై పట్టునంత వెడల్పు గల గాగుల్స్ కొనవలెను.

వెల్డింగుకు వాడు నల్లని అద్దములు వేరు. అవి వెలుగును ఆపుటకు ఏర్పడినవి. వానితో చెట్లు కోయుట, గడ్డి కోయుట కూడదు; ఎదుటిది సరిగా కనబడదు.

రైతుల అభ్యంతరములు

“చెమట పట్టును, అద్దములపై ఆవిరి కమ్మును” అనునది నిజమైన ఇబ్బందియే. దీనికి ప్రక్కలలో గాలి రంధ్రములు గల గాగుల్స్ కొనవలెను. పనికి ముందు అద్దములను సబ్బునీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్దినచో ఆవిరి తగ్గును. నుదుటిపై తువ్వాలు చుట్టుకొనినచో చెమట కంటిలోనికి దిగదు. అయినను మసకబారినచో ముందు యంత్రమును ఆపి, బిళ్ళ తిరుగుట నిలిచిన పిమ్మట అద్దములు తుడుచుకొనవలెను. యంత్రము నడచుచుండగా వానిని నుదుటిపైకి ఎత్తరాదు. ఎక్కువ పెట్రోలు యంత్రములపని ఉదయపు చల్లని వేళ పూర్తి చేసికొనుట మంచిది.

“ఖర్చు” అనునది రెండవ అభ్యంతరము. సాధారణమైన రక్షణ అద్దముల వెల రెండు మూడు లీటర్ల పెట్రోలు వెలకు మించదు. యంత్రము ఒక దినము త్రాగు నూనె ఖర్చుతో ఒక మనిషి కన్నులను కాపాడవచ్చును.

“రెండు నిమిషముల పనికి ఇవన్నియు ఎందుకు?” అనునది మూడవది. రాయి ఎగురుటకు రెండు నిమిషములు అవసరము లేదు. అద్దములను ఇంటిలో చిలుకకొయ్యకు తగిలించక, యంత్రపు పెట్టెలోనే పెట్టవలెను. అప్పుడు యంత్రము తీయువాని చేతికి అవియు వచ్చును. గీతలు పడి మసకబారిన అద్దములను పారవేసి క్రొత్తవి తేవలెను. యంత్రము అద్దెకు ఇచ్చువారు అద్దములు కూడ ఇయ్యవలెను. కూలికి పిలిచిన రైతు, కూలివానికి అవి లేనిదే యంత్రము నడపనీయరాదు. అతని కుటుంబమునకు అతని చూపే ఆధారము.

కంటిలో ఏదైన పడినపుడు

1. కన్ను నలుపరాదు. దుమ్ము, పొడి పడినచో పరిశుభ్రమైన నీటితో మెల్లగా కడుగవలెను.

2. కంటిలో ముక్క గ్రుచ్చుకొని యున్నను, గ్రుచ్చుకొన్నట్లు అనుమానమున్నను కడుగరాదు, లాగరాదు, ఒత్తరాదు. కంటికి తగులకుండ ఒక కాగితపు గ్లాసును పైన బోర్లించి అంటించి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 108 బండిని పిలువవచ్చును.

3. సుత్తి, గ్రైండరు పనిలో కంటికి “చురుక్కు”మని తగిలి తరువాత నొప్పి తగ్గినచో, బాగైనదని అనుకొనరాదు. సన్నని ఉక్కు రవ్వ కంటిలోపలికి దూరి నొప్పి లేకుండ ఉండగలదు. లోపల నిలిచిన ఇనుము క్రమముగా చూపును చెరచును. ఇనుముతో పనిచేయుచుండగా తగిలినదని వైద్యునకు తప్పక చెప్పవలెను.

4. పురుగుమందుగాని, బ్యాటరీ ద్రావకముగాని, సున్నముగాని పడినచో మాత్రము అక్కడికక్కడనే ధారగా నీరు పోయుచు కనీసము 15 నిమిషములు కడిగి, ఆ పిమ్మట ఆసుపత్రికి పోవలెను.

5. చనుబాలు, ఆకుపసరు, ఆముదము కంటిలో పోయుట మిక్కిలి అపాయకరము. గాయములోనికి సూక్ష్మజీవులను మనమే పంపినట్లగును. మందుల దుకాణములో అడిగి తెచ్చిన చుక్కలును వేయరాదు. వానిలో స్టెరాయిడు ఉన్నచో ఎరుపు తగ్గినట్లు కన్పించినను లోపల బూజు పుండు విజృంభించును.

ఆలస్యము ఎంత హాని చేయునో తెలుపు ఒక నిదర్శనము కలదు. నేపాలు దేశములోని భక్తపూరు జిల్లాలో, కంటికి గీత పడినవారికి శిక్షణ పొందిన గ్రామ కార్యకర్తలు ప్రతిజీవకపు లేపనము వేసిరి. ఆ ఫలితములు 2001లో ప్రచురింపబడినవి. గాయమైన 18 గంటల లోపల చికిత్స మొదలైనవారిలో ఒక్కరికిని పుండు పడలేదు. ఆలస్యముగా వచ్చినవారిలో ఆలస్యము పెరిగిన కొలది పుండ్లు పెరిగినవి. కావున “రేపు చూతము” అనక, ఆనాడే కంటి వైద్యునికి చూపవలెను. జిల్లా ఆసుపత్రులలోగాక, హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నములో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి కలవు.

ముఖ్య విషయములు

యంత్రము తీయుటకు ముందు అద్దములు పెట్టుకొనుడు. యంత్రము పూర్తిగా నిలిచిన తరువాతనే తీయుడు. పిల్లలను దూరముగా ఉంచుడు. ఇనుప కప్పులు తీయకుడు. కంటికి దెబ్బ తగిలినచో నలుపక, పసరు పోయక, ఆనాడే వైద్యునికి చూపుడు.

క్రొత్త గొలుసు, క్రొత్త బిళ్ళ బజారులో ఎప్పుడైన దొరకును. ఈసారి వానికొరకు దుకాణమునకు పోయినపుడు, యంత్రము దగ్గర నిలుచువారు ఎందరో లెక్కించి అన్ని జతల అద్దములు తెచ్చుకొనుడు.